పద్ధతుల పంపకం

గుమ్మలవలస డిగ్రీ కాలేజీలో బుర్ర ఉన్నవాళ్ళు నలుగురే అని ఆ నలుగురూ ఎప్పుడో తేల్చుకున్నారు. ఐదోవాణ్ణి అడగలేదు. అడిగితే ఒప్పుకోడని తెలుసుకునేంత బుర్ర కూడా వాళ్ళకుంది మరి. చరిత్ర చెప్పే భీమశంకరం, లెక్కలు చెప్పే అప్పలాచారి, మొక్కల పాఠం చెప్పే సీతారత్నం, అర్థశాస్త్రం చెప్పే నూకరాజు, వీళ్ళే ఆ నలుగురు. నలుగురికీ ఉత్తమ అధ్యాపక అవార్డులు వచ్చాయి. సన్మానంలో కప్పిన శాలువా బీరువాలో దాచేస్తే జనానికి ఎలా తెలుస్తుందని మండుటెండల్లో కూడా కప్పుకునే వచ్చేవారు. చెమట కారుతుంటే, ప్రతిభ ఊరికే వస్తుందా అని సర్దిచెప్పుకునేవారు.

ఒకరోజు ప్రిన్సిపాల్ నలుగుర్నీ పిలిచాడు.

"యూనివర్సిటీ నుంచి హైమావతి మేడం వస్తున్నారు. భీమశంకరం గారి పాఠం వింటారట. నచ్చకపోతే ఆయన్ని చింతగొంది కాలేజీకి మార్చేస్తారు" అన్నాడు.

భీమశంకరం హడలిపోయాడు. చింతగొంది ఎక్కడో కొండల్లో ఉంది. కొండలంటే అతనికి భయం లేదు. అక్కడ ఈ ముగ్గురూ ఉండరు, అదీ భయం. వాళ్ళు లేనిచోట తనను తెలివైనవాడని ఎవరంటారు? అనకపోయినా పోనీ, వాళ్ళంటే అతనికి ప్రాణం. ఆదివారం వస్తే చాలు, ఎప్పుడు తెల్లారి సోమవారం అవుతుందా అని ఎదురుచూసే మనిషి.

"కంగారు పడకండి" అన్నాడు ప్రిన్సిపాల్. "మీ నలుగురికీ తలా ఒక మంచి పద్ధతి ఉంది. ఒకరి పద్ధతి ఒకరికి ఇచ్చుకోండి. నాలుగూ ఆయన పాఠంలో కనబడితే ఆవిడ కాదనలేరు."

నలుగురూ స్టాఫ్ రూముకెళ్ళి తలుపులు వేసుకుని కూర్చున్నారు. కూర్చోగానే నూకరాజుకి అనుమానం వచ్చింది.

"మా నాన్న మా అన్నయ్యకి ఎద్దునిచ్చాడండీ. ఇచ్చాక మా కొట్టంలో ఎద్దు లేదు. ఇప్పుడు నా పద్ధతి భీమశంకరం గారికిచ్చేస్తే, రేపు నేనేం పెట్టి చెప్పాలి పాఠం?"

నిజమే కదా అని ముగ్గురూ ముక్కున వేలేసుకున్నారు. అప్పలాచారి లెక్కల మనిషి గనక దారి కనిపెట్టాడు.

"ప్రతి పద్ధతినీ నాలుగు ముక్కలు చేద్దాం. తలా ఒక ముక్క. అన్నదమ్ముల పంపకంలాగ. ఒకసారి పంచుకున్నాక ఒకరి ముక్క మీద ఇంకొకరు చెయ్యి వెయ్యకూడదు. వేస్తే తగువులొస్తాయి."

అంతే. పంపకం మొదలైంది.

ముందుగా అప్పలాచారి తన పద్ధతే తెచ్చి మధ్యలో పెట్టాడు. బోర్డు మీద కావాలని ఒక తప్పు రాస్తాడు. మాట్లాడకుండా నిలబడతాడు. ఎవరో ఒకరు ఆ తప్పు పట్టుకుంటారు. వాళ్ళని శభాష్ అంటాడు. ముక్కలు చెయ్యడం సులువే అయింది. తప్పు రాయడం భీమశంకరానికి, నిలబడటం సీతారత్నానికి, పట్టుకోవడం నూకరాజుకి, శభాష్ అనడం అప్పలాచారికి.

సీతారత్నం తన పిల్లల్ని చెట్ల దగ్గరికి తీసుకెళుతుంది. చూపిస్తుంది, ముట్టుకోమంటుంది, వెనక్కి తెస్తుంది. తీసుకెళ్ళడం నూకరాజు వంతు. వెనక్కి తేవడం అప్పలాచారి వంతు. ముట్టుకోమనడం ఆవిడే ఉంచుకుంది. చూపించడం భీమశంకరానికి వచ్చింది, కానీ గదిలో చెట్టెక్కడిదని అతనికి తోచలేదు.

నూకరాజు ప్రతి పిల్లనీ పిల్లవాణ్ణీ పేరు పెట్టి పిలుస్తాడు. పేర్లన్నీ చీటీలు రాసి పంచుకున్నారు. చరిత్ర క్లాసులో ఉన్నవాళ్ళ పేర్లు ఒక్కటీ భీమశంకరం వంతుకు రాలేదు.

"పంపకమంటే అంతేనండీ, ఒకరికి మెట్ట ఒకరికి పల్లం" అని సీతారత్నం ఓదార్చింది.

చివరికి భీమశంకరం తన కథ చెప్పే పద్ధతి మధ్యలో పెట్టాడు. మొదలు తను ఉంచుకున్నాడు. మధ్యభాగం నూకరాజు తీసుకున్నాడు. అసలు పట్టు అప్పలాచారికి పోయింది. ముగింపు సీతారత్నం పట్టుకుపోయింది.

హైమావతి మేడం వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. భీమశంకరం శాలువా సర్దుకుని మొదలుపెట్టాడు.

"అనగనగా ఒక రాజు."

అని ఆగిపోయాడు. పిల్లలు చూస్తున్నారు. మేడం చూస్తోంది.

"తర్వాత?" అంది మేడం.

"తర్వాతది నూకరాజు గారి దగ్గరుందండి" అన్నాడు భీమశంకరం వినయంగా.

ఇక తప్పు రాయాలి. తన వంతుకొచ్చింది మనసుపెట్టి చెయ్యాలనుకున్నాడు. కాకతీయుల కాలంలో ఓరుగల్లుకి రైలు వచ్చిందని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. సీతారత్నం లోపలికొచ్చి బోర్డు పక్కన మాట్లాడకుండా నిలబడింది. ఆవిడ వంతు అది.

ముందు బెంచీలో కూర్చున్న సత్యవేణి అనే పిల్ల లేచింది.

"మాస్టారూ, అది తప్పండి."

"తప్పేనమ్మా. నేనే రాశాను. కానీ నిన్ను పట్టుకోనివ్వడానికి నాకు హక్కు లేదు. పట్టుకోవడం నూకరాజు గారిది. వెళ్ళి ఆయన్ని పిలుచుకురా, ఏమ్మా..." పేరు తెలుసు, నోట్లోనే ఉంది, కానీ ఆ పేరు అప్పలాచారి వంతు. "ఏమ్మా ఎర్ర ఓణీ!" అన్నాడు.

నూకరాజు కాలేజీలో లేడు. పొద్దున్నే తన క్లాసు పిల్లల్ని చెట్ల దగ్గరికి తీసుకెళ్ళి అక్కడే వదిలేశాడు. వెనక్కి తేవడం తన వంతు కాదు కదా! తనూ బయటికెళ్ళినవాడే గనక తననీ ఎవరో వచ్చి తేవాలని చెట్టుకింద కూర్చున్నాడు. సత్యవేణి పిలిచినా రాలేదు.

"అప్పలాచారి గారొచ్చి తీసుకెళ్ళాలమ్మా" అన్నాడు.

ఇంకేముంది, అప్పలాచారి బయల్దేరాడు. బయట ఉన్నవాళ్ళని లోపలికి తేవడం అతని పని. ఎవరు లోపలి నుంచి వెళ్ళినవాళ్ళో, ఎవరు మొదట్నుంచీ బయటే ఉన్నవాళ్ళో అడిగితే చాదస్తం అనుకుంటారని అందర్నీ తోలుకొచ్చాడు. నూకరాజు వచ్చాడు, అతని పిల్లలు వచ్చారు, వేరుశనక్కాయల బండి వాడు బండితో సహా వచ్చాడు, గేటు దగ్గర నిలబడ్డ పెళ్ళివారొచ్చారు, వాళ్ళ వెనక రెండు మేకలొచ్చాయి. వచ్చిన ప్రతివాణ్ణీ భుజం తట్టి "శభాష్" అన్నాడు. మేకల్ని కూడా అన్నాడు.

"ఏంటి బాబూ, నేనేం చేశానని?" అన్నాడు శనక్కాయలవాడు.

"అది నాకు రాలేదు నాయనా. శభాష్ ఒక్కటే నాది" అన్నాడు అప్పలాచారి.

నూకరాజు వస్తూనే బోర్డు మీద తప్పు పట్టుకున్నాడు. రెండు చేతులతో గట్టిగా పట్టుకుని, పీరియడ్ అయిపోయేదాకా వదల్లేదు.

హైమావతి మేడం లేచింది. మేక నములుతున్న తన కొంగు లాక్కుంది.

"మీరు నలుగురూ కలిస్తే ఒక్క మాస్టారు" అని వెళ్ళిపోయింది.

"నలుగుర్నీ ఒకటి చేసి చూసింది మహాతల్లి" అని సీతారత్నం కళ్ళు తుడుచుకుంది.

అయినా బదిలీ కాగితం రానే వచ్చింది. భీమశంకరం చింతగొందికి వెళ్ళాలి. ఆ మాట విని అతను కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "మిమ్మల్ని వదిలి నేను బతకలేనండీ" అన్నాడు. ముగ్గురూ తమ శాలువాలు తీసి అతని కళ్ళు తుడిచారు.

అప్పలాచారి ముందుగా తేరుకున్నాడు.

"మనం నలుగురం ఒక్క మాస్టారని మేడమే చెప్పింది. అలాంటప్పుడు మీరొక్కరే ఎందుకు వెళ్ళాలి? బదిలీని కూడా పంచుకుందాం. దారిలో నూటికి పాతిక వంతు మీరు వెళ్ళండి, పాతిక సీతారత్నం గారు, తర్వాత నూకరాజు గారు, ఆఖరి పాతిక నేను. ఎవరికీ కష్టం లేదు."

భీమశంకరానికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. మర్నాడు ముగ్గురూ బస్టాండుకొచ్చి చెయ్యి ఊపారు. అతను బస్సెక్కి చింతగొందికి టికెట్ తీసుకున్నాడు. పాతిక దారి కాగానే, పొలాల మధ్య, బస్సు ఆపించాడు.

"ఇక్కడేముంది మాస్టారూ దిగడానికి?" అన్నాడు కండక్టరు.

"నా వంతు అయిపోయిందండి. ఇక్కణ్ణించి సీతారత్నం గారు ప్రయాణం చేస్తారు" అని టికెట్ అతని చేతిలో పెట్టి, దర్జాగా దిగాడు.

సీతారత్నానికి వంతు వచ్చిందని చెప్పాలి కదా! వెనక్కి నడక మొదలుపెట్టాడు. బస్టాండు చేరేసరికి పొద్దు వాలింది. ముగ్గురూ అక్కడే కూర్చుని ఉన్నారు.

"నా వంతు వచ్చిందా?" అంది సీతారత్నం లేస్తూ.

"వచ్చిందండి. కానీ బస్సు ముందుకెళ్ళిపోయింది."

"ఎందాకా?"

"చింతగొంది దాకా. టికెట్ కూడా అందులోనే వెళ్ళింది."

అప్పలాచారి వేళ్ళ మీద లెక్క కట్టాడు. టికెట్ చేరింది, బస్సు చేరింది, నాలుగు పాతికలూ అయిపోయాయి.

"అయితే భీమశంకరం గారు చింతగొందిలో చేరిపోయినట్టే" అన్నాడు.

అంతే, మర్నాడు మధ్యాహ్నం నలుగురూ స్టాఫ్ రూములో అన్నాలకి కూర్చున్నారు. ఎవరికీ ముద్ద దిగలేదు.

"పాపం, అక్కడ ఒక్కడే ఏం తింటున్నాడో" అన్నాడు నూకరాజు.

"మనమంటే ప్రాణం ఆయనకి" అంది సీతారత్నం ముక్కు చీదుతూ.

అందరికన్నా ఎక్కువ బెంగ పెట్టుకున్నవాడు భీమశంకరమే. కళ్ళొత్తుకుంటూ, ఆవకాయ కలిపిన మొదటి ముద్ద తీసి చింతగొందిలో ఉన్న భీమశంకరం కోసం పక్కన పెట్టాడు.