గొర్రెల కాపరికి వకీలు వేసిన ప్రశ్న

కుందవరాన్ని మహీపాలదేవుడు ఏలుతున్న రోజుల్లో ఆ ఊరు ఎక్కువగా భయపడింది రాజుకు కాదు, వకీలు ఉద్దండయ్యకు. న్యాయసభలో అతను లేచి ఉత్తరీయం సర్దుకుంటే సాక్షుల నాలుకలు పిడచకట్టుకుపోయేవి. నిజం తేల్చడం అతనికి చేతకాదు. నిజం చెప్పేవాళ్ల పరువు తీయడం మాత్రం బాగా వచ్చు. రాజుగారికి అదే వేడుక. వ్యాజ్యం ఉందంటే తాంబూలం నములుతూ వచ్చి ముందు వరసలో కూర్చునేవాడు.

ఒకసారి ఒక ఆస్తి తగాదా వచ్చింది. చనిపోయిన అన్నగారి కొడుకును చూపించి, వీడు మా వంశం వాడే కాదు, ఎక్కణ్ణుంచో తెచ్చిన బిడ్డ అన్నాడు తమ్ముడు. అతని తరఫున ఉద్దండయ్య నిలబడ్డాడు. పురుడు పోసిన మంత్రసాని గంగసాని సాక్ష్యానికి వచ్చి, "ఆ తల్లి కడుపులోంచి ఈ బిడ్డను నా చేతుల్లోకే తీసుకున్నాను బాబయ్యా" అంది.

ఉద్దండయ్య ఆ పురుడు గురించి ఒక్క ముక్క అడగలేదు. "ఎన్ని ఇళ్లలో బిడ్డల్ని మార్చావు? ఎంతమంది పసిగుడ్లకు విషం నాకించావు?" అన్నాడు.

గంగసాని చేతులు వణికాయి. నోట మాట రాలేదు.

"చూశారా, ఆ వణుకే రుజువు" అన్నాడు ఉద్దండయ్య. రాజు పకపకా నవ్వి అతనికి శాలువా కప్పాడు. ధర్మాధికారి తీర్పు వాయిదా వేశాడు.

ఊరు మాత్రం అప్పుడే తీర్పు చెప్పేసింది. గంగసానిని పురుళ్లకు పిలవడం మానేశారు. కుమ్మరి వీధిలో ఒక ఇల్లాలు నొప్పులతో అల్లాడుతుంటే, గడప దాకా వచ్చిన గంగసానిని అత్తగారు లోపలికి రానివ్వలేదు. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు.

ఈ సంగతి ఆస్థాన విదూషకుడు బొల్లన చెవిన పడింది. అతను నేరుగా రాజు దగ్గరికి వెళ్లాడు.

"ప్రభూ, గంగసాని మీద అంత నింద వేయడానికి ఉద్దండయ్య దగ్గర ఆధారం ఏముంది?"

"ఆధారం దేనికయ్యా? అతను ఊరికే అడిగాడు. కానిదైతే కాదని చెప్పి పోవచ్చుగా. నిజం చెప్పేవాడికి ప్రశ్నంటే బెదురెందుకు? నేనైతే కనురెప్ప కూడా కదపను" అన్నాడు రాజు మీసం దువ్వుతూ.

"అయితే ఒక్క పూట సాక్షిగా నిలబడి చూపించండి" అన్నాడు బొల్లన.

రాజుకు పౌరుషం వచ్చింది. ఒప్పుకున్నాడు.

బొల్లన స్నేహితుడు ఏచన ఒక వ్యాజ్యం వేశాడు. బొల్లన ఎద్దు తన చేను మేసిందని ఫిర్యాదు. ఆ పూట ఎద్దు కొట్టంలోనే కట్టేసి ఉండగా రాజు కళ్లారా చూసేట్టు బొల్లన ముందే ఏర్పాటు చేశాడు. ధర్మాధికారికి కూడా సంగతి చెప్పి ఉంచాడు. ఏచన వెళ్లి ఉద్దండయ్యను వకీలుగా పెట్టుకున్నాడు.

"అవతలి సాక్షి ఎవరో పొరుగూరి గొర్రెల కాపరి అండీ. అతని మంచీ చెడూ నాకేం తెలియదు" అన్నాడు ఏచన.

"తెలియకపోతే మరీ మంచిది" అన్నాడు ఉద్దండయ్య.

మర్నాడు గొంగళి కప్పుకుని, గడ్డం అతికించుకుని రాజు బోనెక్కాడు. ఎద్దును కొట్టంలో చూశానని ఉన్నమాట చెప్పాడు. ఉద్దండయ్య అతన్ని ఎగాదిగా చూసి, గొంతు పెంచాడు.

"సొంత అన్నను చంపి మంద కాజేసింది నువ్వే కదూ?"

మహీపాలదేవుడికి నిజంగానే ఒక అన్న ఉండేవాడు. మశూచి సోకి తమ్ముడి ఒళ్లోనే కన్నుమూశాడు. ఆ మాట కోటలో ఎవరూ ఎత్తరు. ఇప్పుడు నిండు సభలో ఆ ప్రశ్న వినేసరికి రాజు కళ్లముందు అన్న ముఖమే మెదిలింది. కాదనడానికి నోరు తెరిచాడు, మాట పెగల్లేదు. బోను కమ్మీ మీద ఆయన చేతులు వణికాయి. జనం గుసగుసలాడారు. వెనకెవరో "హంతకుడు" అన్నారు.

"చూశారా, ఆ వణుకే రుజువు" అన్నాడు ఉద్దండయ్య.

రాజు నెమ్మదిగా గడ్డం పీకేశాడు. సభంతా లేచి నిలబడింది. ఆయన ఉద్దండయ్య వైపు తిరిగాడు.

"నేను అన్నను చంపానని నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు ప్రభూ. అడిగి చూశానంతే."

"ఎద్దుకూ దానికీ ఏం సంబంధం?"

ఆధారం ధర్మాధికారికి చూపకుండా ఏ వకీలూ సాక్షి మీద నింద వేయకూడదనీ, వ్యాజ్యానికి సంబంధం లేని బురద చల్లకూడదనీ ఆ రోజే శాసనం పుట్టింది. ఉద్దండయ్య గంగసానిని వెంటబెట్టుకుని వీధివీధీ తిరిగి, "నేనన్నదానికి ఆధారం లేదు" అని తన నోటితోనే చెప్పాల్సి వచ్చింది. ఎంత పెద్ద గొంతో అతనిది, ఆ వాక్యం దగ్గర మాత్రం గొణుగుడయ్యేది. జనం మళ్లీ చెప్పమనేవారు. ఆస్తి తగాదాలో తీర్పు బిడ్డకు అనుకూలంగా వచ్చింది. రాజు తన కూతురి పురుటికి గంగసానినే పిలిపించాడు.

అంతా సద్దుమణిగాక రాజు బొల్లనను పిలిచాడు. ఇంత జరిగినా మెప్పు మీద ఆశ చావలేదు.

"నా వేషం ఎలా కుదిరిందోయ్?"

"గొంగళి, గడ్డం అంతంతమాత్రమే ప్రభూ. చేతులు వణికినప్పటి నుంచి మాత్రం అచ్చం మనిషిలాగే ఉన్నారు."

రాజు ముఖం ఎర్రబడింది. కాసేపటికి ఆయన నవ్వాడు. ఈసారి నవ్వు తన మీదే. చేతి కంకణం తీసి బొల్లన చేతికి తొడిగాడు.