రాణిగారి కుక్క కొలువు మారిన కథ

ఒకానొక కొండల రాజ్యాన్ని విజయకేసరి అనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు బిరుదులంటే మహా ప్రీతి. సభలో ఆయన నోరు విప్పే ముందు భట్టు లేచి బిరుదులన్నీ చదవాలి. భోజనానికి కూర్చున్నా చదవాలి. అన్నం చల్లారిపోయేది గాని బిరుదులు పూర్తయ్యేవి కావు.

ఆ రాజును ఆటపట్టించగల మనిషి రాజ్యంలో ఒక్కతే ఉండేది. ఆమె రాణి హేమాంబిక. ఆమె ఒక కుక్కను పెంచుకుంది. నల్లటి ఒళ్లు, ఛాతీ మీద తెల్లమచ్చ. ఒకచోట నిలిచే రకం కాదు కనుక దానికి సుడి అని పేరు పెట్టింది. తెల్లవారగానే ఇద్దరూ కోటగోడ మీద పరుగు తీసేవారు. వెనకాల దాసీలు ఆయాసపడుతూ వచ్చేవారు.

"పట్టమహిషి అలా పరుగెత్తవచ్చునా?" అని రాజు మేడ మీది నుంచి కేకవేసేవాడు.

ఆమె చెయ్యి ఊపి ఇంకా వేగంగా పరుగెత్తేది.

ఆ ఏడు వానాకాలంలో రాణికి విషజ్వరం తగిలింది. వైద్యులు ఎంత పాటుపడినా నిలవలేదు. కన్నుమూసింది.

రాజు నలుగురిలో కంటతడి పెట్టలేదు. అది తన హోదాకు తగదనుకున్నాడు. సభ మాత్రం మానేశాడు. కోటలో ఎవరూ పైకి నవ్వరాదు, పరుగెత్తరాదు అని ఆజ్ఞాపించాడు. అందరూ శిరసావహించారు, సుడి తప్ప.

దానికి చావంటే ఏమిటో తెలియదు. ఎక్కడ కాలి అందెలు చప్పుడైనా రాణిగారేననుకుని దూసుకువెళ్లేది. దాసీ మొహం చూసి ఆగిపోయేది. మళ్లీ వెళ్లి రాణిగారి తలుపు గీరేది. ఆ చప్పుడు వినలేక రాజు దాన్ని సేనాపతి ఇంటికి పంపాడు. అక్కడ గుర్రాలను బెదరగొట్టి, సేనాపతి తలపాగా ఊడలాగి, గోడ దూకి తిరిగి వచ్చింది. మంత్రిగారి తోటకు పంపితే పూలమొక్కలన్నీ తవ్వి, అక్కడినుంచీ వచ్చేసింది.

"రాజు ఇచ్చినదాన్ని నిలుపుకోలేకపోయారు. ఇది నాకు అవమానం" అని విజయకేసరి మండిపడ్డాడు. రాణిగారి తలుపు ఎదుటి స్తంభానికి వెండి గొలుసుతో దాన్ని కట్టించాడు.

ఆస్థానంలో దేచన్న అని విదూషకుడు ఉండేవాడు. రాణి పోయాక అతనికీ పని లేకపోయింది. ఒకనాడు అటుగా వెళుతూ సుడిని చూశాడు. అందెల చప్పుడు వినబడ్డప్పుడల్లా ఎగిరి ఎగిరి దాని మెడ పుండు పడింది. పళ్లెంలో పాలు విరిగిపోయి ఉన్నాయి. ఇప్పుడు అందెలు వినబడినా చెవులు ఎత్తుతోందే గాని లేవడం లేదు.

దేచన్న కాసేపు దాని పక్కన కూర్చున్నాడు. తరువాత లేచి తిన్నగా రాజు దగ్గరికి వెళ్లాడు.

"ప్రభూ, సుడి చచ్చిపోతోంది. దాన్ని ఎవరికైనా ఇచ్చెయ్యండి."

"ఎవరికిస్తాను? అది నా రాణి కుక్క. నా కోటకంటే పెద్ద ఇల్లు చూపించు. నన్ను చూసి లేచేవాళ్లకంటే ఎక్కువమంది దాన్ని చూసి లేవాలి. అలాంటి చోటు ఉంటే చెప్పు. నేనే స్వయంగా తీసుకెళ్లి అప్పగిస్తాను."

"లేకపోతే?"

"లేకపోతే ఇక దాని ఊసెత్తకు. నా కొలువులో కనబడకు."

అటువంటి చోటు ఎక్కడా ఉండదని రాజుకు తెలుసు. సుడిని వదులుకోవడం ఆయనకు ఇష్టం లేదని దేచన్నకు తెలుసు. రాణి చేతులు నిమిరిన ప్రాణి అదొక్కటే మిగిలింది మరి.

రెండురోజులు దేచన్న ఎవరికీ కనబడలేదు. వచ్చీరాగానే, "ప్రభూ, ఇల్లు దొరికింది. దయచేయండి" అన్నాడు.

పల్లకీ కొండ అడుగు దాకానే వెళ్లింది. అక్కడినుంచి దారి ఇరుకు. రాజు గొలుసు పట్టుకుని నడిచాడు. సుడి తూలుతూ వెంట వచ్చింది. పైకి ఎక్కేసరికి కనుచూపు మేర పచ్చిక, ముళ్లకంప కట్టిన ఒక దొడ్డి, దాని పక్కన చిన్న గుడిసె కనిపించాయి. గుడిసె ముందు బీరమ్మ అనే గొర్రెలకాపరి నిలబడి ఉంది. భర్త లేడు, పిల్లలు లేరు. ఉన్న ఒక్క మందకుక్కను ఈమధ్యే చిరుత ఎత్తుకుపోయింది. అప్పటినుంచి తోడేళ్లు ఆమె పిల్లల్ని, అంటే గొర్రెపిల్లల్ని, ఒక్కొక్కటిగా లాక్కుపోతున్నాయి.

"ఏదీ ఇల్లు?" అన్నాడు రాజు.

"మనం ఇంట్లోనే నిలబడి ఉన్నాం ప్రభూ. ఈ కొండ నుంచి ఆ కొండ దాకా నట్టిల్లే. పైకప్పు ఎత్తు ఇంతవరకు ఎవరూ కొలవలేదు."

రాజు మొహం ఎర్రబడింది. "మరి లేచి నిలబడే జనం?"

దేచన్న బీరమ్మకు సైగ చేశాడు. ఆమె దొడ్డి తడిక తీస్తూ రాజును చూసి, "దొరా, కాస్త పక్కకు జరగండి. గొర్రెలకు మీరెవరో తెలీదు" అంది.

ఇంతవరకు ఎవరూ ఆయనను పక్కకు జరగమనలేదు. ఆయన జరిగాడు.

మంద వరదలా బయటికి వచ్చింది. సుడి చెవులు లేచాయి. దేచన్న వంగి దాని మెడ గొలుసు విప్పాడు. అది ఒక్క క్షణం నమ్మలేనట్టు నిలబడి, తరువాత బాణంలా మంద మధ్యకు దూరింది. గొర్రెలు చెల్లాచెదురయ్యాయి. ఒక ముసలి పొట్టేలు కొమ్ములతో కుమ్మితే సుడి పల్టీ కొట్టింది. బీరమ్మ ఈల వేసింది. సుడి తల ఎత్తి ఆమెను చూసింది. ఆమె చెయ్యి చూపిన వైపు ఈసారి దూరంగా చుట్టి వెళ్లింది. అది అటు తిరిగితే మంద అటు తిరిగింది. అది ఆగితే మంద ఆగింది.

"ఇది మందకుక్క జాతే. పాపం, దీన్ని ఎవరు కట్టేశారు?" అంది బీరమ్మ.

"దేచన్నా!" రాజు ఉరిమాడు. "గొర్రెలు జనమా? నా కొలువును గొర్రెలమందతో పోలుస్తావా?"

"అపచారం ప్రభూ! పోలికే లేదు. మీ సభలో భట్టు బిరుదులన్నీ చదివాకగాని జనం లేవరు. వీటికి సుడి బిరుదులు ఇంకా ఎవరూ చదివి వినిపించలేదు, అయినా లేచి పరుగెత్తాయి."

రాజు నోరు తెరిచాడు. తరువాత ఆయన గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది. అది నవ్వని దేచన్నకు కాస్త ఆలస్యంగా తెలిసింది. రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ పచ్చికలో కూలబడ్డాడు. భుజాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి గాని అది నవ్వు కాదు.

"ఆమె కూడా ఇంతే దేచన్నా. ఏనాడూ నా మాట వినేది కాదు" అన్నాడు.

దేచన్న వచ్చి ఆయన పక్కన కూర్చున్నాడు.

కాసేపటికి బీరమ్మ దగ్గరికి వచ్చింది. "దొరా, దీనికి తిండి ఏం పెట్టేవాళ్లు?"

రాజు తడబడ్డాడు. "నాకు తెలియదు. రాణి తన చేత్తో పెట్టేది."

"నా దగ్గర జొన్న సంకటి, మజ్జిగ తప్ప ఏమీ లేవు."

"పాలే ముట్టలేదు. సంకటి తింటుందా?"

"పరుగెత్తితే ఆకలేస్తుంది దొరా" అంది బీరమ్మ.

రాజు లేచి ఆమెకు చేతులు జోడించాడు. ఆమె కంగారుపడి తన చేతులు కొంగుకు తుడుచుకుని తానూ జోడించింది.

దిగే ముందు రాజు వెనక్కి తిరిగి చూశాడు. దూరంగా వాలులో మంద వెనక ఒక నల్లటి చుక్క అటూ ఇటూ ఉరుకుతోంది.

"ఒక్కసారైనా ఇటు చూడలేదు. మరిచిపోయిందా?"

"మరిచిపోయి కాదు ప్రభూ. దానికి పని దొరికింది."

చాలాదూరం దిగాక రాజు అడిగాడు. "మనకూ ఏదైనా పని ఉందా దేచన్నా?"

"కోట వాకిట్లో ఫిర్యాదులతో జనం కూర్చుని ఉన్నారు ప్రభూ. రాణిగారు పోయినప్పటినుంచీ."

రాజు తల ఊపాడు. కొండగాలి చలిగా ఉంది. ఆయన తన జరీ శాలువా తీసి దేచన్న భుజాల మీద కప్పాడు.

"బహుమానమా ప్రభూ, మోసుకురమ్మనా?"

విజయకేసరి మళ్లీ నవ్వాడు. కళ్లు తుడుచుకోకుండానే, పల్లకీ దాకా నవ్వుతూ దిగాడు.