వంటింట్లో మల్లెల వాసన

పార్వతీపురంలో పరదేశయ్యగారి దగ్గరికి వెళ్ళేవాళ్ళు వాదం కోసం వెళ్ళరు. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ఎక్కడో ఎవరికో జరిగిన సంగతి ఒకటి చెబుతారు. ఇదే నీకు జవాబు అని మాత్రం అనరు. అదేమిటో విన్నవాళ్ళే దారిలో నడుస్తూ తేల్చుకోవాలి. కొందరికి ఇల్లు చేరేలోపు తేలుతుంది, కొందరికి ఏళ్ళు పడుతుంది.

ఆయన శిష్యురాళ్ళలో సుభాషిణి అనే ఆవిడ ఉంది. తాలూకా ఆఫీసులో ఉద్యోగం. పెళ్ళి చేసుకోలేదు, తల్లితో ఉంటుంది. తల్లికి ఆయాసం. ఒకనాడు టీవీలో ప్రకటన చూసి, గోడ ప్లగ్గుకు తగిలించే సువాసన సీసా ఒకటి కొని తెచ్చింది. కొండగాలి మీ ఇంట్లోకి వస్తుంది, ఊపిరి తేలికవుతుంది, హాయిగా నిద్ర పడుతుంది అన్నారు ఆ ప్రకటనలో. తల్లి మంచం పక్కనే తగిలించింది. ముసలావిడకు ఊపిరి తేలిక కాలేదు సరికదా, ఆయాసం ముదిరి ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. డాక్టరు అన్నీ అడిగి, ముందు ఆ సీసా తీసి అవతల పారెయ్యమన్నాడు. తల్లి కోలుకుని ఇంటికి వచ్చింది. సుభాషిణి మాత్రం కోలుకోలేదు. సబ్బు పెట్టె మీద అక్షరాలు మొదలుకొని మనుషుల మాటల దాకా ఆమెకు దేని మీదా నమ్మకం లేకుండా పోయింది. పక్కింటి సత్యవేణి ఆ ముసలావిడ కోసం అల్లం కషాయం కాచి తెస్తే, "ఇందులో ఏం కలిపారు?" అని అడిగింది. అడిగిన తీరు ఎలా ఉందో ఏమో, సత్యవేణి గిన్నె అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఈ సంగతంతా చెప్పి సుభాషిణి గురువుగారిని అడిగింది. "నమ్మితే మోసపోతున్నాను గురువుగారూ. అనుమానపడితే మనసు ఎండిపోతోంది. ఈ రెంటిలో ఏది వదులుకోమంటారు?"

పరదేశయ్యగారు పంచె కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "పాలకొండలో తవిటమ్మ అని ఒకావిడ ఉంది," అన్నారు. ఆయన చెప్పినది ఇది.

తవిటమ్మ కొడుకు లారీ నడుపుతాడు. ఇంట్లో తవిటమ్మా, కోడలు రోహిణీ, ఇంకా మాటలు రాని పసి మనవరాలూ ఉంటారు. తవిటమ్మకు అంగట్లో దొరికే దేని మీదా గురి లేదు. పాలల్లో నీళ్ళు కలుపుతారు, కారంలో ఇటుకపొడి కలుపుతారు, కలపందే అమ్మే మనిషి భూమ్మీద పుట్టలేదు అనేది ఆమె సిద్ధాంతం. కొత్త వస్తువు ఏది ఇంటికి వచ్చినా "ఏటి కలిపినారో" అంటూ ముందు వాసన చూస్తుంది, ఆ తర్వాతే లోపల పెట్టనిస్తుంది. వీధిలో వాళ్ళు నవ్వుకుంటారు. ఆమె పట్టించుకోదు.

రోహిణి పన్నెండో తరగతి చదువుకున్న పిల్ల. అత్తగారి మీద గౌరవం ఉంది కానీ ఆ ఇంట్లో ఎండుచేపల వాసన అంటే మాత్రం సిగ్గు. ఒకసారి తనతో చదువుకున్న స్నేహితురాలు చూడవచ్చి, కూర్చున్నంతసేపూ చీర కొంగు ముక్కు దగ్గరే పట్టుకుంది. ఆ సంగతి రోహిణి అప్పట్లో ఎవరికీ చెప్పుకోలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే నీరజ అనే అమ్మాయి ఆ వీధిలోకి వచ్చింది. ఒక కంపెనీ తరఫున ఇల్లిల్లూ తిరిగి గది సువాసనలు, నేల తుడిచే సువాసన ద్రవాలు అమ్మేది. గుమ్మంలో నిలబడి కంపెనీ నేర్పిన మాట అంది. "మీ ఇంటి వాసన మీకు తెలియదండీ. వచ్చినవాళ్ళకే తెలుస్తుంది. వాళ్ళు మొహమాటానికి చెప్పరు."

ఆ మాట రోహిణికి సూదిలా దిగింది. గోడకు తగిలించి ఉంచితే అప్పుడప్పుడూ దానంతట అదే బుస్సుమని మల్లెపూల వాసన చిమ్మే పెట్టె ఒకటి కొంది. వంటింట్లోనే తగిలించింది. కిటికీలు మూసి ఉంచితే వాసన ఎక్కువసేపు నిలుస్తుందని నీరజ చెబితే, కిటికీలూ మూసింది.

తవిటమ్మ ఇంటికి వచ్చి చూసి, "ఇదేటే అమ్మీ, వంటింట్లో పెళ్ళి సేస్తున్నావేటి?" అంది. "ఇది వోసన తీసెయ్యదే. వోసన మీద దుప్పటి కప్పుద్ది."

"ఊళ్ళో అందరూ వాడుతున్నారు అత్తా. మనకే ఎందుకు ఈ కంపు?" అంది రోహిణి. కోడలి కళ్ళల్లో నీళ్ళు చూసి తవిటమ్మ పెరట్లోకి వెళ్ళిపోయింది. పెట్టె గోడ మీదే ఉండిపోయింది.

కొన్నాళ్ళు గడిచాయి. ఒక సంత రోజు తవిటమ్మ పొద్దున్నే కూరగాయలకు వెళ్ళింది. రోహిణి వంట ముగించి, బట్టలు ఉతికి, పిల్లను ముందుగదిలో ఉయ్యాలలో వేసి నిద్రపుచ్చింది. వంట ముగిశాక వంటింటి వైపు వెళ్ళినప్పుడల్లా ఏదో చెడు వాసన తగిలింది. కుళ్ళిన ఉల్లిపాయ లాంటిది. ముందురోజు వండిన ఎండుచేపల ముక్క ఏ మూలో పడి ఉంటుందనుకుంది. వెతకలేదు. పెట్టె మీద మీట నొక్కింది. మల్లెల వాసన వచ్చింది. కాసేపటికి మళ్ళీ ఆ కంపే. మళ్ళీ నొక్కింది. అలా నొక్కుతూనే ఉంది. ఆమె ముక్కు రెంటికీ అలవాటుపడింది. చివరికి కంపూ తెలియలేదు, మల్లెలూ తెలియలేదు.

పిల్ల లేచి ఏడుపు మొదలుపెట్టింది. పాలు కాచి పట్టాలని రోహిణి గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుంది. సరిగ్గా అప్పుడు తవిటమ్మ సంత సంచీతో గుమ్మంలో కాలు పెట్టింది. పెట్టిన కాలు పెట్టినట్టే ఆగిపోయింది.

"ఓలమ్మీ! ఏటా కంపు?"

"మళ్ళీ మొదలెట్టారా అత్తా? మీ ఎండుచేపలే," అంది రోహిణి విసుగ్గా, లోపలినుంచి.

"ఎండుసేపలు కాదే! మల్లిపూల కింద ఇంకేటో ఉంది. అగ్గిపెట్టె కింద పెట్టీ! బేగి బయటికి రా!"

ఆ కేకలో ఏముందో, రోహిణి చేతిలో అగ్గిపెట్టె జారి పడింది. తవిటమ్మ సంచీ గుమ్మంలోనే వదిలేసింది. ఉయ్యాలలోంచి పిల్లను ఎత్తి కోడలి చేతుల్లో పెట్టి ఇద్దరినీ వీధిలోకి తోసింది. తాను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళి, సిలిండరు మీట కట్టేసి, కిటికీలూ పెరటి తలుపూ బార్లా తీసింది. లైటు స్విచ్చు జోలికి పోలేదు. తర్వాత తానూ బయటికి వచ్చి అరుగు మీద కూలబడింది.

గ్యాసు మెకానిక్కు వచ్చి చూశాడు. రబ్బరు గొట్టాన్ని ఎలుక కొరికింది. కొత్త గొట్టం వేసి, అన్నీ సరిచూసి వెళ్ళిపోయాడు. చుట్టుపక్కల వాళ్ళు వచ్చి తలా ఒక మాట అని వెళ్ళారు. రోహిణి మాత్రం పిల్లను గుండెకు అదుముకుని అరుగు మీదినుంచి కదలలేదు. ఆమె భయం అంతా సిగ్గుగా మారింది.

"నాకు తెలుసు అత్తా," అంది చివరికి. "బళ్ళో చదువుకున్నాను. గ్యాసుకి దానంతట దానికి వాసన ఉండదు. కారితే మనకు తెలియాలని ఆ కంపు కావాలని కలుపుతారు. పరీక్షలో రాశాను కూడా. అది పొద్దుటినుంచి నన్ను పిలుస్తూనే ఉంది. నేనే దాని నోరు నొక్కేశాను."

తవిటమ్మ కోడలి ముఖంలోకి వింతగా చూసింది. "ఏటి కలుపుతారు?"

"ఆ కంపు అత్తా. కంపెనీలోనే కలుపుతారు."

"మనం కొనే గ్యాసులోన? ఆళ్ళంతట ఆళ్ళే కలుపుతారా, కంపు?"

"అవును."

కలపడం అంటే దొంగతనం అని నమ్మి బతికిన మనిషి ఆమె. నీళ్ళు కలిపినవాళ్ళను తిట్టింది, రాళ్ళు కలిపినవాళ్ళను తిట్టింది. మంచి వాసన కలిపి అమ్మేవాళ్ళను చూస్తూనే ఉంది. కానీ ఎవరూ ఇష్టపడని కంపును, కొన్నవాళ్ళు ముక్కు మూసుకుంటారని తెలిసీ, ముఖం చిట్లించుకుంటారని తెలిసీ, ఒకడు కూర్చుని ఆలోచించి కలిపాడు. ఆ కలిపినవాడికి పాలకొండ తెలియదు, తవిటమ్మ తెలియదు, ఈ పిల్ల అప్పటికి పుట్టలేదు. మనవరాలి పాదాన్ని చేత్తో పట్టుకుని ఆమె అలాగే కూర్చుంది. కళ్ళల్లోంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు.

"ఎవులమ్మ కన్న బిడ్డో," అంది. "ఆడి కడుపు సల్లగుండ."

ఆ సాయంత్రం రోహిణి మల్లెల పెట్టెను గోడ మీదినుంచి పీకి, పెంటకుప్ప మీద విసరబోయింది. తవిటమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "పారెయ్యకు. నీకు ఇట్టమైతే ముందుగదిలో ఎట్టుకో, కిటికీ తీసి. వంటింట్లోన ముక్కుకి పనుంది. ఆ పని సెడగొట్టకూడదు." ఆ మాట తప్ప ఆమె కోడలిని ఒక్క దెప్పు కూడా దెప్పలేదు. దీపం పెట్టేటప్పుడు ఎప్పటిలాగే దేవుళ్ళందరి పేర్లూ చెప్పుకుంది. పేరు తెలియని ఆ మనిషికి ఏమని చెప్పుకోవాలో తోచక, ఉత్త దండం పెట్టింది.

కొన్నాళ్ళకు నీరజ మళ్ళీ ఆ వీధికి వచ్చింది. జరిగింది ఆమె చెవిన పడే ఉంది. ఆ ఇంటి ముందు ఆగకుండా, తలవంచుకుని దాటిపోబోయింది. తవిటమ్మే పిలిచింది. ఎండలో వచ్చావు కూచోమని, మజ్జిగ ఇచ్చింది. తిట్లకు సిద్ధపడి వచ్చిన అమ్మాయి మజ్జిగ గ్లాసు పట్టుకుని ఏం చెయ్యాలో తెలియక నిలబడింది.

"ఒక్క మాట సెప్పమ్మా," అంది తవిటమ్మ. "నీ సీసాలో ఈ వోసన కలిపినోడు నేను బాగుండాలని కలిపినాడా, నేను కొనాలని కలిపినాడా?"

నీరజ తలెత్తలేదు. "కొనాలనే పిన్నిగారూ," అంది. గ్లాసు అరుగు మీద పెట్టి, "వంటింట్లో పెట్టొద్దని మేం చెప్పాల్సింది. మాకు నేర్పిన మాటల్లో అది లేదు. నాకూ తోచలేదు," అంది. కళ్ళు తుడుచుకుంది.

"నిజం సెప్పినావు. సాలు," అంది తవిటమ్మ. "తాగు, మజ్జిగ ఏడెక్కిపోతాది."

అది తాగాక నీరజ వెళ్ళబోతూ, ఇకమీదట ఏ ఇంటికి వెళ్ళినా ఆ మాట ముందు చెప్పాకే సీసా బయటికి తీస్తాను అంది. తవిటమ్మ ఆమె దగ్గర ఏమీ కొనలేదు. జరిగిందంతా చెబుతూ వీధి మలుపు దాకా సాగనంపి వచ్చింది.

ఇంతవరకూ చెప్పి పరదేశయ్యగారు ఆగారు. సుభాషిణి కొంగు చివర వేలికి చుట్టుకుంటూ వింటోంది. పాత అనుమానం అంత త్వరగా పోదు.

"ఆ అమ్మాయి నిజంగానే ఆ మాట చెబుతోందంటారా గురువుగారూ? కమిషను మీద బతికేవాళ్ళు..."

గురువుగారు నవ్వారు. "మంచి ప్రశ్నే. మిగతా ఇళ్ళ సంగతి నాకు తెలియదమ్మా. మా ఇంటికి వచ్చినప్పుడు చెప్పింది. వంటింట్లో వద్దు, ఆయాసం ఉన్నవాళ్ళ గదిలో అసలే వద్దు అంది. అప్పటిదాకా కొందామనుకున్న మా ఆవిడ కొనడం మానేసింది. ఎవరు నేర్పారమ్మా నీకీ మాట అని అడిగితే, ఈ సంగతంతా చెప్పింది. నేను నీకు చెప్పినదంతా ఆ అమ్మాయి నోట విన్నదే."

సుభాషిణి చుట్టుకున్న కొంగు వదిలేసింది. ఆమె ముఖంలో చాలా నెలలుగా లేని మెత్తదనం ఒకటి కనిపించిందని ఆ రోజు అక్కడున్నవాళ్ళు చెబుతారు. తల్లి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఆ సీసా ముందు తీసి పారెయ్యమన్న డాక్టరుకు తాను ఒక దండమైనా పెట్టలేదన్న సంగతి ఆమెకు అప్పుడు గుర్తుకొచ్చిందట. ఆ కోపంలో, ఆ గాభరాలో ఆయన ముఖం కూడా సరిగా చూడలేదు.

లేచి నిలబడి, వెళ్ళేముందు ఒకటే అడిగింది. "గ్యాసులో ఆ కంపు కలపాలని మొట్టమొదట తోచిన ఆయన ఎవరు గురువుగారూ?"

"నేనూ కనుక్కుందామనుకున్నానమ్మా," అన్నారు పరదేశయ్యగారు. "ఏ ప్రకటనలోనూ ఆయన బొమ్మ లేదు."