కుదురుకొండ అమ్మవారు ఒక పక్కకు ఎందుకు జరిగింది

కుదురుకొండకు విచ్చేసిన భక్తులు ముందుగా ఎక్కడైనా కూర్చోవలసిందిగా మనవి. మెట్లెక్కి వచ్చారు, మోకాళ్ల సంగతి మాకు తెలుసు. ఈ చిన్న పుస్తకం రాస్తున్న నేను ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూనే ముసలివాణ్ణయ్యాను. దర్శనం ఎక్కడికీ పోదు.

గర్భాలయంలో అమ్మవారు పీఠానికి నడుమ ఉండదు. ఒక పక్కకు ఒదిగి కూర్చుని ఉంటుంది. రెండో పక్క ఖాళీ. ఇది శిల్పి పొరపాటని ఏటా ఎవరో ఒకరు నాకు చెబుతారు. సిమెంటు పోయించి నడుమకు జరిపిస్తామని ముందుకు వచ్చినవారూ ఉన్నారు. వారందరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకిప్పుడు లేదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

పూర్వం ఇక్కడ గుడి లేదు. కొండ కొమ్మున ఒక రాతిపలక మీద అమ్మవారు వెలసి ఉండేది. ఆమె కింద ఒక చుట్టకుదురు ఉండేది. నీళ్ల కుండ మోసే ఆడవాళ్లు పాత చీరను మెలితిప్పి నెత్తిన పెట్టుకునే మెత్తని చుట్టే అది. ఎవరు పెట్టారో తెలియదు. ఆ పలకకు కాస్త దిగువన పాక వేసుకుని అసిరమ్మ అనే మంత్రగత్తె ఉండేది.

వానకారు మబ్బులు పడమటి నుంచి వచ్చి ఈ కొండకు అవతలే ఆగిపోయేవి. ఆషాఢంలో అసిరమ్మ కొండచీపురు ఎక్కి పైకి లేచి, ఆ మబ్బులను ఇవతలకు ఊడ్చేది. అప్పుడు గాని దిగువ ఊరి నారుమళ్లు తడిసేవి కావు. ఊరివారు మాత్రం తక్కిన ఏడాదంతా ఆమె ఎదురైతే తలుపులు వేసుకునేవారు. పిల్లకు జ్వరం వచ్చినా, గేదె పాలు ఎగ్గొట్టినా ఆమె పేరే చెప్పేవారు. ఆషాఢం రాగానే కొండెక్కి 'అప్పా' అని అక్క వరస కలిపేవారు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, మాది ఆ ఊరే.

చీపురు ఊడవడానికి కట్టుకున్నది, కూర్చోవడానికి కాదు. దాని మెత్తదనమంతా కుచ్చులో ఉంది. కాని చీపురు లక్ష్మి కదా. కాలు తగిలితేనే కళ్లకద్దుకునే మనుషులు దాని మీద ఎలా కూర్చుంటారు? అందుకని అసిరమ్మా, ఆమె తల్లీ, అమ్మమ్మా అందరూ కుచ్చును వదిలిపెట్టి, గణుపులు దేరిన వెదురు పిడి మీదనే కూర్చుని ఎగిరారు. నడుములు పడిపోయినా ఇంకొక దారి ఉండవచ్చునన్న ఆలోచన ఆ వంశంలో ఎవరికీ రాలేదు. నొప్పి మరీ ఎక్కువైన ఒక ఏడు అసిరమ్మ పిడికి ఆముదం పట్టించి చూసింది. జారి చింతచెట్టులో పడింది.

చివరికి ఒక ఆషాఢంలో ఆమెకు పాకలోంచి లేచి రావడమే కష్టమైంది. దిగువన నారు పసుపు తిరిగింది. పెదకాపు అప్పలస్వామి కొండెక్కి వచ్చాడు.

"అప్పా, ఈ వారంలో వాన పడకపోతే నారు ఎండిపోద్ది. పిల్లలికి గింజుండదు" అన్నాడు.

ఆమె నడుము పట్టుకుని నిలబడే వింది. కూర్చోమనడం అతనికి తోచలేదు.

అతడు దిగిపోయాక అసిరమ్మ పాక్కుంటూ అమ్మవారి ముందుకు చేరింది. "అమ్మా, నానింక ఎగరనేను. ఆ కర్ర మీద కూకోనేను. నారు సచ్చిపోతే ఆ పిల్లల ఉసురు నాకొద్దు. ఏటి సెయ్యమంటావో నువ్వే సెప్పు" అని మొరపెట్టుకుంది. మధ్యాహ్నపు ఎండకు అక్కడే కునుకు పట్టింది.

కలలో అమ్మవారు కనిపించింది. కాంతులూ ప్రభలూ ఏమీ లేవని పెద్దలు చెబుతారు. ఒక చేత్తో తన నడుము నొక్కుకుంటూ కనిపించిందట. "నానెక్కే సింవం ఎన్నుపూస ఎలాగుంటదో నన్నెవులైనా అడిగేరేటే? నానూ అలాగే తిరుగుతన్నాను. ఇను" అని ఉపదేశం మొదలుపెట్టింది.

కర్రకు అటొక కాలూ ఇటొక కాలూ వేయరాదు, రెండూ ఒకే పక్కకు పెట్టి కూర్చోవాలి. ఆముదం రాయవలసింది కర్రకు కాదు, నడుముకు. అంబలి తాగిన వెంటనే ఎగరరాదు, ఒట్టి కడుపుతోనూ ఎగరరాదు. కొంగు బొడ్లో దోపుకోవాలి, లేకుంటే గాలికి మొహం మీద పడి దారి కనబడదు. శిఖరం వచ్చినప్పుడల్లా దిగి కాళ్లు చాపుకోవాలి, మబ్బులు అంతలో పారిపోవు. మంత్రగత్తెలకు చెప్పినవే అయినా, మా ఊరి బస్సులో వచ్చే భక్తులకు కూడా ఇవి కొంత పనికి వస్తాయి.

అంతా చెప్పి అమ్మవారు తన కిందనున్న చుట్టకుదురు తీసి ఇచ్చింది. "ఇది కర్రకి కట్టుకుని కూకో. లక్ష్మికి నాను సెప్తాను."

"మరి నీకో?" అని అసిరమ్మ అడిగింది.

"నాకు రాయి అలవాటే. ఎల్లు."

మెలకువ వచ్చేసరికి చుట్టకుదురు ఒళ్లో ఉంది. అసిరమ్మ దాన్ని కర్రకు కట్టి, ఒక పక్కకు కూర్చుని లేచింది. ప్రతి శిఖరం మీదా దిగుతూ, కాళ్లు చాపుకుంటూ, పొద్దు వాలేదాకా మబ్బులను ఊడ్చింది. వాన కురిసింది. ఊరంతా మళ్ల వైపు పరుగెత్తింది. ఆమె దిగిందో లేదో చూసినవారు లేరు.

ఆమె తడిసిన ఒంటితో అమ్మవారి దగ్గరకే వచ్చింది. "నీ కుదురు తెచ్చీసినానమ్మా" అని చేతులు చాచింది. అమ్మవారు దాన్ని అందుకోలేదు. రాయి కదిలిన చప్పుడైంది. పలక మీద ఒక పక్కకు ఒదిగి, "కూకో" అంది.

మర్నాడు అప్పలస్వామి కొత్త చీర పట్టుకుని కొండెక్కాడు. పాకలో ఎవరూ లేరు. పైకి వస్తే చీపురు రాతికి ఆనించి ఉంది. అమ్మవారు పక్కకు జరిగి ఉంది. వానకు పలకంతా తడిసింది గాని, ఖాళీ పక్కన ఒక మనిషి కూర్చునేంత మేర పొడిగా ఉంది. అతడు అక్కడే కూలబడి, "అప్పా, ఒక్కసారైనా కూకోమని అన్నేకపోనాను" అని ఏడ్చాడు. గుడి కట్టించినది అతడే.

నేటికీ ఆషాఢంలో ఆడవారు పాత చీరతో చుట్టకుదురు చేసి తెచ్చి, ఆ ఖాళీ పక్కన ఉంచుతారు. పూజ అయ్యాక దాన్నే ప్రసాదంగా ఇస్తాము. ఇంటికి తీసుకువెళ్లి కుట్టుమిషను ముందో, కొట్టులో బల్ల మీదో వేసుకుని కూర్చుంటే నడుము నొప్పి శాంతిస్తుందని భక్తుల విశ్వాసం. నాది పూర్తిగా తగ్గలేదు, కాని రాసినంతసేపూ కూర్చోగలిగాను.

తక్కిన గుళ్లలో భక్తులను జరగండి జరగండి అని తోస్తారు. ఇక్కడ ఆ మాట అనరాదు. ఏ ముసలమ్మ అయినా గడప దగ్గర కూలబడితే, ఆమె తనంతట తాను లేచేదాకా పూజారి హారతి పట్టుకుని ఆగుతాడు, వెనక వరుస కూడా ఆగుతుంది. అలసి వచ్చిన మనిషి కోసం ఇక్కడ అమ్మవారే జరిగింది.