పొగ మన వైపే ఎందుకు తిరుగుతుంది

ఒకప్పుడు పొగకి పైకి ఎగరడం తెలీదు. వెన్నపూసలా తెల్లగా, తడిసిన దూదిలా బరువుగా ఉండేది. ఎవరు మంట వేస్తే వాళ్ళ వాకిట్లోనే, పాలు తాగిన దూడలా ఒద్దికగా పడుకునేది.

సాయంత్రం ఆడవాళ్ళు దాన్ని చీర మడతపెట్టినట్టు మడతపెట్టి అటక మీద దాచేవారు. వానాకాలంలో తీసి వాకిట్లో పరిస్తే చినుకులకి కరిగిపోయేది. అటక నిండిందంటే మాత్రం, వానలు పడేదాకా ఆ ఇంట్లో అన్నం వండే పొయ్యి తప్ప ఇంకో మంట వెయ్యకూడదు. అదీ కట్టుబాటు.

అందుకే ఎవరూ ఒక్క పుల్ల కూడా ఊరికే కాల్చేవారు కాదు. ఆకాశం ఎంత నీలంగా ఉండేదంటే, ఆ రంగు అంటుకుంటుందేమోనని కొంగలు మాటిమాటికీ రెక్కలు దులుపుకునేవి.

ఆ రోజుల్లో ఏటి ఒడ్డున నూకాలు అనే కుమ్మరి పిల్ల ఉండేది. కొత్తగా కాపురానికొచ్చింది. ఆమె పుట్టిల్లు చాలా దూరాన, ఎదురుగా కనిపించే కొండ మీద. రోజూ పొద్దున్నే వాళ్ళమ్మ కొండ కొమ్మున ఎర్రచీర ఆరేసేది. 'నేను బాగున్నానమ్మా' అని దానర్థం. ఆ ఎర్రచుక్క కంటపడ్డాకే నూకాలు మట్టి ముట్టేది.

ఒక వేసవిలో జాతర వచ్చింది. కుండలు కావాలని ఊళ్ళకి ఊళ్ళే కబురు పెట్టాయి. పచ్చికుండలు వాకిలి నిండా ఉన్నాయి. వాటిని కాల్చాలంటే పెద్ద మంట వెయ్యాలి.

"ఏటే కోడలా, అటక మీద పిల్లి దూరే సందు లేదు. ఆ పొగంతా ఎక్కడ పెడతావే?" అంది అత్త తవిటమ్మ.

"నీ చీరల పెట్టిలో కుక్కుదాం అత్తా."

"నా చీరలు నీ నెత్తిన పెట్టుకుంటావేటి?"

అప్పుడే గాలి ఏటి మీదుగా ఈలేసుకుంటూ వచ్చింది.

"గాలన్నా, గాలన్నా, మా అటక మీది పొగని తీసుకుపోవా?" అని అడిగింది నూకాలు.

"ఎక్కడ పెట్టమంటావు చెల్లీ?"

"ఎక్కడైనా పెట్టు. నా ఇంట్లో లేకపోతే చాలు."

పొగ ఉలిక్కిపడింది. "నన్నేనా అమ్మా?" అంది చిన్నగా. నూకాలు కుండలు సర్దుకునే హడావిడిలో వినిపించుకోలేదు.

గాలి పొగ మడతలు విప్పింది. దూది ఏకినట్టు ఏకింది. ఊదింది. పొగ తేలింది, తూలింది, పైకి లేచింది! అటక ఖాళీ కాగానే నూకాలు కుండలకి మంట వేసింది.

"ఓసోస్, ఇంత సులువా!" అన్నారు చూసినవాళ్ళంతా. సున్నం కాల్చేవాళ్ళు, బెల్లం వండేవాళ్ళు, ఇనుం కరిగించేవాళ్ళు, అందరూ అటకలు ఖాళీ చేసి పెద్ద పెద్ద మంటలు వేశారు. ఇది ఎవరి పొగ అని అడిగేవాళ్ళే లేరు.

పదోరోజు పొద్దున్న నూకాలు ఎప్పట్లాగే ఎదురుగా చూసింది.

కొండ లేదు.

కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది. బూడిదరంగు తెర ఒక్కటే వేలాడుతోంది. అమ్మ చీర ఆరేసిందా? లేవలేక పడుకుందా? ఎవరు చెబుతారు?

"పొగా, దిగిరావే తల్లీ! అటకంతా నీకే ఇస్తాను," అని ఏడ్చింది నూకాలు.

"రాలేనమ్మా," అంది పొగ పైనుంచి. "బరువుగా ఉండడం మర్చిపోయాను. ఎవరి పిల్లనో కూడా మర్చిపోతున్నాను."

"మరి మా అమ్మ ఎలా కనిపిస్తుందే?"

"నన్ను తక్కువగా పుట్టించండి. కొంచెమే ఉంటే పలచబడిపోతాను, కొండ కనిపిస్తుంది. ఒక్క మాట మాత్రం ఇస్తున్నాను. పుట్టిన ప్రతిసారీ ముందు నన్ను పుట్టించినవాళ్ళ దగ్గరకే వస్తాను. ఎటు జరిగినా వస్తాను. వాళ్ళ మొహం చూసుకునే పోతాను."

నూకాలు మంట ఆర్పేసింది. మిగిలిన జాతర కుండలు పచ్చిగానే ఉండిపోయాయి. ఇంటింటికీ తిరిగి బతిమాలింది. కొందరు నవ్వారు. కొందరు విన్నారు. విన్నవాళ్ళు మంటలు తగ్గించారు.

చాన్నాళ్ళకి, ఒక జల్లు పడి వెలిసిన పొద్దున్న, తెర వెనకనుంచి కొండ మసగ్గా తేలింది. దాని కొమ్మున, గోరంత ఎర్రచుక్క.

"అత్తా, అమ్మ బాగుంది!" అని గెంతింది నూకాలు.

అప్పటినుంచే, పొయ్యి ముందు మనం ఎటు జరిగి కూర్చున్నా పొగ మన వైపే తిరుగుతుంది. మొహంలో మొహం పెట్టి చూస్తుంది. మన కళ్ళల్లో నీళ్ళు తిరిగాకే మెల్లగా పైకి వెళ్ళిపోతుంది.