వంటింట్లోకొచ్చిన గూడ్సుబండి

అనగనగా సామర్లకోట అవతల ఒక ఊళ్ళో పుండరీకాక్షయ్యగారని ఒకాయన, ఆయన భార్య మాణిక్యాంబ ఉండేవారు. ఆయనకి కరెంటాఫీసులో ఉద్యోగం. పిచ్చి మాత్రం బొమ్మరైళ్ళది. చిన్నప్పుడు పట్టుకుంది, వదిలితేనా! పెళ్ళికి కూడా పెట్టెలో ఇంజను పెట్టుకుని వచ్చారట మహానుభావుడు. ఊఁ కొట్టు మరి, నాకొక్కదానికేనా ఈ గొడవ?

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆ ఆట ఆదివారం ఒక్కపూటే. మాణిక్యాంబ ఓర్చుకుంది. రిటైరయ్యాక ఇంట్లోనే ఉంటారు కదా, కాస్త చేతిసాయం చేస్తారు, ఇద్దరం కూచుని కబుర్లు చెప్పుకుంటాం అనుకుంది. పాపం, అదే ఆవిడ ఆశ.

రిటైరయ్యారు. ముందు వరండాలో పట్టాలు పడ్డాయి. చెప్పులు విడిచే చోట స్టేషను లేచింది. మాణిక్యాంబ ఊరుకుంది. ఆ తర్వాత పట్టాలు ముందుగదిలోకొచ్చాయి. మంచం కింద సొరంగమట! ఊడవబోతే, "అయ్యో, చీపురు తగిలితే సిగ్నళ్ళు పడిపోతాయే!" అని కేకలు. మాణిక్యాంబ పళ్ళు నూరుకుంది. అప్పుడు ఒకనాడు ఆవిడ పేరంటానికి వెళ్ళొచ్చేసరికి వంటింటి గోడకి కన్నం! అందులోంచి పట్టాలు పొయ్యిగట్టు కింద దాకా. సరుకుల డబ్బాలన్నీ ముందుగదిలోకి మారిపోయాయి.

"ఇక నువ్వు డబ్బాల కోసం తిరగక్కర్లేదు మాణిక్యం. ఏది కావాలంటే అది కేకెయ్యి, గూడ్సులో పంపిస్తా" అన్నారు, ఏదో పెద్ద సాయం చేసినట్టు.

మర్నాడు పప్పులోకి పోపు. నూనె కాగింది. "ఆవాలు!" అని కేకేసింది. రాలేదు. "ఏవండీ, ఆవాలు!" రాలేదు. నూనెకి పొగలొచ్చాయి. "మాడిపోతోందండీ!" అని అరిచింది.

"ఉండవే, పాసింజరు వస్తోంది. గూడ్సు దానికి దారివ్వొద్దూ?" అన్నారాయన గోడవతలనించి.

ఇంకేం చెప్పను తల్లీ! మూకుడు నల్లగా మాడింది. ఆ తర్వాత ఆవాలు తీరిగ్గా, కూత వేసుకుంటూ వచ్చాయి.

మాణిక్యాంబకి ఒళ్ళు మండిపోయింది. పొయ్యి ఆపేసి, పీట తెచ్చి పట్టాలకి అడ్డంగా వేసుకుని కూచుంది. "రైల్‌రోకో! ఈ బండి కదలదు, ఈ ఇంట్లో అన్నం ఉడకదు" అంది.

అలా కింద కూచుంటే అప్పుడు కనపడ్డాయి, కన్నంలోంచి, అవతలి స్టేషన్ల బోర్డులు. పసుపు రంగు మీద నల్ల అక్షరాలు. ఒకదానికి ఆయన అక్కయ్య పేరు. ఒకదానికి మేనమామ పేరు. ఇంకోదానికి చిన్నప్పుడు గోళీలాడిన స్నేహితుడి పేరు.

"నా పేరేదీ?" అని అడిగింది.

"నీకెందుకే బోర్డు? నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా!" అన్నారాయన.

"ఇంట్లోనే ఉన్నాను. అందుకేగా మీకు కనపడలేదు" అంది. కోపం కన్నా ఏడుపే ఎక్కువొచ్చింది ఆవిడకి.

పుండరీకాక్షయ్యగారు కాసేపు బుర్ర గోక్కున్నారు. తర్వాత కుంచె తీసుకుని, కింద కూచుని, తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో శ్రద్ధగా రాశారు, 'మాణిక్యాంబ జంక్షన్' అని. తెచ్చి కన్నం పక్కన నిలబెట్టబోయారు.

"ముందా కన్నం పూడ్చండి" అంది మాణిక్యాంబ.

"పూడిస్తే బండి ముందుకెలా వెళ్తుందే? జంక్షను కదా!"

"వెళ్ళక్కర్లేదు. జంక్షనూ వద్దు, ఏమీ వద్దు. ఆఖరి స్టేషనని రాయండి. బండి గడప బయట ఆగుతుంది. అందులోంచి మీరు దిగి, నడిచి లోపలికొస్తారు. వచ్చి కొబ్బరి కోరతారు."

ఇంకేమంటారు? దిగారు. ఇప్పటికీ రోజూ దిగుతూనే ఉన్నారు. కొబ్బరి సగం కింద పోస్తారు. కోరాం వంకరగా ఉందంటారు. కబుర్లు చెప్పమంటే రైళ్ళ కబుర్లే చెబుతారు. మాణిక్యాంబ తల కొట్టుకుంటుంది. అయినా ఆయన లేవబోతే మాత్రం ఇంకో చిప్ప చేతిలో పెడుతుంది.

కంచి బండి కథని ఎక్కించుకుపోయింది,
కంటిరెప్ప కునుకుతో వాలిపోయింది.