నాలుగు చారల ఈగ

తిప్పేస్వామి వచ్చేసరికి ఫకృద్దీన్ సాబ్ అరుగు మీద కూర్చుని మల్బరీ ఆకు తరుగుతున్నాడు. మడకశిర వైపు పట్టుపురుగులు పెంచేవాళ్లలో ఆయన దగ్గర పని నేర్చుకోనివాళ్లు తక్కువ. తిప్పేస్వామి మూడేళ్లు నేర్చుకున్నాడు. ఆ తర్వాత పట్నంలో శిక్షణకు పోయి, పురుగుల్ని గుర్తుపట్టే పరీక్షలో అందరికంటే ముందు నిలిచి వచ్చాడు. అప్పటినుంచి ఊళ్లో అతన్ని సార్ అంటున్నారు.

ఆ రోజు అతని ముఖంలో నెత్తుటి చుక్క లేదు. జేబులోంచి అగ్గిపెట్టె తీసి గురువు ముందు పెట్టాడు. లోపల సూదికి గుచ్చిన ఈగ ఉంది.

“సాబ్, ఇది ఊజీ ఈగ. నేను ఇంటి ఈగ అని చెప్పినాను.”

“ఎవరికి?”

“హనుమక్కకు.”

సాబ్ చేతిలో కత్తి ఆగిపోయింది.

హనుమక్క బెంగళూరులో కూలిపని వదిలేసి ఊరికొచ్చిన మనిషి. తోట కౌలుకు తీసుకుని మొదటిసారి పురుగులు పెట్టింది. పది రోజుల కిందట కొట్టంలో ఈగలు తిరుగుతున్నాయని భయపడి తిప్పేస్వామిని పిలిచింది. ఊజీ ఈగ అని ఒకటుందని, అది పట్టుపురుగు ఒంటి మీద గుడ్డు పెడితే అందులోంచి వచ్చే పిల్ల ఆ పురుగును లోపలినుంచి తినేస్తుందని ఆమె విని ఉంది. తిప్పేస్వామి ఒక ఈగను పట్టి, భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూశాడు. ఇంటి ఈగే, భయం లేదని చెప్పి వచ్చేశాడు. ఆ రోజే కిటికీలకు వల కట్టి మందు చల్లి ఉంటే సగం పంటన్నా దక్కేది.

“మాంసం ఈగకు వీపు మీద మూడు చారలు సాబ్. దీనికి నాలుగు. సరిగ్గానే లెక్కపెట్టినాను. కానీ ఇంటి ఈగకూ నాలుగే, ఊజీకీ నాలుగే. కుటుంబాలు వేరు, రూపం ఒకటే. నలభై ఏళ్లుగా చూస్తా ఉండారు మీరు. పొరపాటు పడని గుర్తు ఒకటి చెప్పండి.”

సాబ్ అగ్గిపెట్టె వైపు చూడనైనా లేదు. కత్తి పక్కన పెట్టి లేచాడు.

“రా.”

హనుమక్క కొట్టం వెనక గొయ్యి తవ్వుతోంది. గుమ్మం పక్కన బట్టల మూట కట్టి ఉంది. లోపల తట్టల నిండా పురుగులు మెత్తబడి, నల్లబడి పడున్నాయి. వాటిని తొలుచుకుని బయటికొచ్చిన తెల్లటి ఊజీ పిల్లలు నేలంతా పాకుతున్నాయి. కాలు పెట్టడానికి చోటు లేదు.

“గోతిలో వేసి సున్నం పోయాల,” అన్నాడు సాబ్. “ఎత్తు.”

తిప్పేస్వామి మొదటి తట్ట ఎత్తుకున్నాడు. గోతి దగ్గర తట్ట వంచుతుంటే, చచ్చిన పురుగుల ఒంటి మీద చిన్న నల్లటి మచ్చలు కనిపించాయి. ఒకదానికి రెండు. ఇంకోదానికి మూడు. రెండో తట్టలోనూ అవే. మచ్చ లేని పురుగు కోసం వెతికాడు.

“సాబ్, ఈ మచ్చలు ఆ రోజు కూడా ఉండినాయా?”

“పిల్ల లోపలికి దూరినాక ఆ చోటు నల్లబడుతుంది. గుడ్డు పెట్టిన రోజు నల్లగా ఉండదు. తెల్లగా, నలుసంత ఉంటుంది.” సాబ్ హనుమక్క వైపు తల తిప్పాడు. “నేను ఆ రోజు లేను. ఆమెను అడుగు.”

తిప్పేస్వామి తట్ట కింద పెట్టాడు. హనుమక్కే పార ఆపి, కొంగుతో ముఖం తుడుచుకుంది. ఆమె గొంతులో కోపం లేదు.

“ఉండినాయి సార్. తెల్ల చుక్కలు. మీకు చూపిద్దామని రెండు పురుగుల్ని అరచేతిలో పెట్టుకుని మీ పక్కనే నిలబడి ఉంటి. మీరు ఈగను చూస్తా ఉంటిరి.”

తిప్పేస్వామి తల దించుకున్నాడు.

“ఇంటి ఈగే అని మీరంటిరి కదా. అయితే తట్టల్లో చల్లే సున్నం పొడి పడిందేమోలే అనుకుంటి.”

ఆమె మళ్లీ పార అందుకుంది. తిప్పేస్వామి గురువు వైపు చూశాడు. తిడితే బాగుండుననిపించింది.

సాబ్ కొట్టంలోకి తొంగి చూసి వచ్చాడు.

“ఇంకా పదకొండు తట్టలు ఉండాయి,” అన్నాడు.